ఏడాది ఆగిన క్లస్టర్‌ను మళ్లీ లేపడం

తిరుపతిలో ఇంజనీరింగ్ విద్యార్థులకు, చుట్టుపక్కల చిన్న కంపెనీల్లో సర్వర్లు చూసుకునేవాళ్లకు ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని రాసిన పాఠం.

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, ఆపేద్దామంటే ఈ ఎండకు ఎవరూ కూర్చోలేరు. నేనే కాస్త గట్టిగా మాట్లాడతాను.

ముందు ఒక ప్రశ్న. కుబర్‌నెటీస్ అంటే కొన్ని మెషీన్లను జట్టుగా కలిపి వాటి మీద అప్లికేషన్లు నడిపే సాఫ్ట్‌వేర్, ఆ జట్టే క్లస్టర్. ఏడాది క్రితం ఆపేసిన కుబర్‌నెటీస్ క్లస్టర్‌ను ఇవాళ ఆన్ చేశారు. ఏ కమాండ్ కొట్టినా ఎర్రర్. లాగ్ తెరిస్తే సర్టిఫికెట్ గడువు ముగిసిందని ఉంది. ఇప్పుడు చెప్పండి, మీ డేటా ఉందా, పోయిందా? పోయింది అనేవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారే! ఉంది అనేవాళ్లు? ఒకటి, రెండు... మిగతావాళ్లు ఎటూ తేల్చుకోలేదు, అంతేనా?

డేటా ఉంది. ఎక్కడికీ పోలేదు. క్లస్టర్ తన వివరాలన్నీ రాసుకునే డేటాబేస్ ఎట్‌సీడీ, దాని ఫైళ్లు డిస్క్ మీద ఎక్కడివక్కడే ఉన్నాయి. మీ అప్లికేషన్ల డేటా దాచుకునే వాల్యూములు ఉన్నాయి, ఆ అప్లికేషన్ల ప్యాకేజీలు, అంటే కంటైనర్ ఇమేజీలు ఉన్నాయి. ముగిసింది నమ్మకం గడువు మాత్రమే. ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ను చూసి "నువ్వెవరో నాకు రుజువు కావాలి" అంటోంది. ఆ రుజువే సర్టిఫికెట్. చూపించిన రుజువు మీద తేదీ దాటిపోయింది. ఇంతే జరిగింది. ఇంతకుమించి ఏమీ జరగలేదు.

ఇది మొదటే ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి రోజున చాలామంది చేసే పని ఒకటుంది. క్లస్టర్ పెట్టడానికి వాడే క్యూబ్‌ఏడీఎం అనే టూల్‌తో రీసెట్ కొట్టేస్తారు. కొత్తగా పెట్టేసుకుందాం, గంట పని అనుకుంటారు. రీసెట్ ఏం చేస్తుందో తెలుసా? కంట్రోల్ ప్లేన్ మెషీన్ మీద, అంటే క్లస్టర్‌ను నడిపించే మెషీన్ మీద, ఎట్‌సీడీ డైరెక్టరీని తుడిచేస్తుంది. సర్టిఫికెట్లతో పాటు వాటికి సంతకం చేసే తాళాన్ని, అంటే ప్రైవేట్ కీని కూడా తీసేస్తుంది. అప్పటిదాకా పోని డేటా అప్పుడు పోతుంది. సర్టిఫికెట్ చంపలేదండీ, మనం చంపాం. కాబట్టి ఈ గంటసేపట్లో ఇంకేం గుర్తున్నా లేకపోయినా రీసెట్ జోలికి పోవద్దు. ఇంకోసారి చెబుతున్నాను, రీసెట్ జోలికి పోవద్దు.

సరే, ఈ ఏడాది లెక్క ఎక్కడిది? క్యూబ్‌ఏడీఎంతో క్లస్టర్ పెట్టినప్పుడు అది ముందుగా తయారు చేసేది సర్టిఫికెట్ అథారిటీని, అంటే సీఏను. నిజానికి మూడు సీఏలు చేస్తుంది. క్లస్టర్‌కు ఒకటి, ఎట్‌సీడీకి ఒకటి, ఫ్రంట్ ప్రాక్సీకి ఒకటి. వీటి ఆయుష్షు 10 ఏళ్లు. వీటి సంతకంతో మిగతా సర్టిఫికెట్లన్నీ పుడతాయి. మన కమాండ్లన్నీ తీసుకునే ఏపీఐ సర్వర్‌ది, ఎట్‌సీడీ సర్వర్‌ది, ఏ పని ఏ మెషీన్ మీదో తేల్చే స్కెడ్యూలర్‌ది, అన్నీ చెప్పినట్టు నడుస్తున్నాయా చూసే కంట్రోలర్ మేనేజర్‌ది, క్లస్టర్‌లోకి వెళ్లడానికి మీరు వాడే అడ్మిన్ డాట్ కాన్ఫ్ అనే ఫైలులో ఉన్నది. వీటి ఆయుష్షు ఒక ఏడాది. పెద్దాయనకు పదేళ్లు, పిల్లలకు ఏడాది.

మరి రోజూ నడిచే క్లస్టర్లలో ఈ గొడవ ఎందుకు కనిపించదు? మంచి ప్రశ్న, మీరు అడగలేదు గానీ నేనే అడుగుతున్నాను. రెండు కారణాలు. క్యూబ్‌ఏడీఎంతో కంట్రోల్ ప్లేన్‌ను అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారీ అది సర్టిఫికెట్లన్నింటినీ కొత్తగా చేసేస్తుంది. కుబర్‌నెటీస్‌కు ఏడాదికి దాదాపు మూడు వెర్షన్లు వస్తాయి, ఒక్కో దానికి సపోర్టు 14 నెలల చిల్లర. కాబట్టి బుద్ధిగా అప్‌గ్రేడ్ చేసేవాళ్లకు గడువు దాటే పరిస్థితే రాదు. రెండో కారణం, ప్రతి మెషీన్ మీదా ఉండి అక్కడి ప్రోగ్రాములను లేపే క్యూబ్‌లెట్ తన సర్టిఫికెట్‌ను తనే మార్చుకుంటుంది. గడువులో 70 నుంచి 90 శాతం మధ్య ఎక్కడో ఒకచోట లేచి, కొత్తది ఇవ్వమని ఏపీఐ సర్వర్‌కు అర్జీ పెడుతుంది. నడుస్తున్నంతకాలం ఇది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. మెషీన్ ఆగి ఉంటే అర్జీ పెట్టేదెవరు? క్లస్టర్ ఆగుతుంది గానీ క్యాలెండర్ ఆగదు కదా.

మన జిల్లాల్లోనే ఒక లెక్క చూద్దాం. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు మీకు తెలుసు. మీలో కొందరి ఇళ్లల్లో తోతాపురి తోటలు కూడా ఉండి ఉంటాయి. ఒక ఫ్యాక్టరీలో మూడు మెషీన్ల క్లస్టర్ పెట్టారనుకోండి. వేబ్రిడ్జి ఎంట్రీలు, ఏ రైతు కాయ ఏ లాట్‌లోకి వెళ్లింది, ఏ డ్రమ్ములో ఏ లాట్ ఉంది, ఎగుమతికి కావాల్సిన కాగితాలు, ఇవన్నీ దాని మీద. అక్కడ కుబర్‌నెటీస్ అవసరమా అంటే, నన్నడిగితే వద్దనే చెప్పేదాన్ని. కానీ పెట్టేశాక మనం చూసుకోవాల్సిందే. సీజన్‌కు ముందు మే నెలలో ఇన్‌స్టాల్ చేస్తారు. ఆగస్టులో క్రషింగ్ అయిపోతుంది. కరెంటు బిల్లు ఎందుకు దండగ అని స్విచ్ ఆపేస్తారు. మళ్లీ వచ్చే జూన్‌లో ఆన్ చేస్తారు. మే నుంచి వచ్చే జూన్‌కు ఎన్ని నెలలు? పదమూడు. సర్టిఫికెట్‌కు? పన్నెండు. గేటు బయట కాయ ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉంటాయి, తూకం కంప్యూటర్ తెరుచుకోదు. ఆ టెన్షన్‌లో ఎవరో ఒకరు రీసెట్ అంటారు. అందుకే మొదట ఆ మాట చెప్పింది.

కాలేజీ ల్యాబులకూ ఇదే వర్తిస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు తాళం వేసిన ల్యాబులు ఎన్ని, ఏడాది తర్వాత తెరిచినవి ఎన్ని? వాటిలో క్లస్టర్ ఉన్న ప్రతి చోటా ఇదే కథ.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. స్విచ్ వేశారు. క్లస్టర్‌కు కమాండ్లు ఇచ్చే క్యూబ్‌సీటీఎల్‌తో గెట్ నోడ్స్ కొట్టారు, నోడ్లంటే క్లస్టర్‌లోని మెషీన్లు. ఏమొస్తుంది? గడువు ముగిసిందని వస్తుందా? చాలాసార్లు అది కూడా రాదు. 6443 పోర్టులో కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వస్తుంది. అంటే ఏపీఐ సర్వర్ అసలు లేవనే లేదు. ఎందుకు లేవలేదు? ఏపీఐ సర్వర్‌ను లేపేది క్యూబ్‌లెట్. మరి క్యూబ్‌లెట్ ఎందుకు లేపలేదు? జర్నల్‌సీటీఎల్‌లో క్యూబ్‌లెట్ లాగ్ చూడండి. చివరి లైను ఏముంటుందంటే, ఎట్సీ కుబర్‌నెటీస్ కింద బూట్‌స్ట్రాప్ క్యూబ్‌లెట్ డాట్ కాన్ఫ్ అనే ఫైలు లేదు అని.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. ఫైలు లేదంటోంది కాబట్టి ఫైలు ఎవరో తీసేశారని వెతుకుతారు. బ్యాకప్‌లో చూస్తారు, పక్క మెషీన్‌లో చూస్తారు. ఎక్కడా ఉండదు. మామూలుగా ఆ ఫైలు ఉండకూడదు కూడా. క్లస్టర్‌లో చేరిన రోజు మాత్రమే దానితో పని. అసలు విషయం దానికి ఒకటి రెండు లైన్ల పైన ఉంటుంది, క్యూబ్‌లెట్ డాట్ కాన్ఫ్‌లో ఉన్న సర్టిఫికెట్ గడువు ముగిసింది అని. గడువు ముగిసింది కాబట్టి మొదటి రోజు దారిలో మళ్లీ ప్రయత్నించింది, ఆ దారి లేదు కాబట్టి ఆగిపోయింది. లాగ్‌లో చివరి లైను ఒక్కటే చదివి పరుగెత్తకండి తమ్ముళ్లూ. పైనున్న పది లైన్లు చదవండి.

ఇంకా సర్టిఫికెట్ల జోలికి పోకముందు చూడాల్సినవి ఉన్నాయి. మొదటిది టైమ్. టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొట్టండి. ఏడాది కరెంటు లేకుండా పడున్న మెషీన్‌లో మదర్‌బోర్డు మీద చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది చూశారా, సీఆర్ 2032, అది అయిపోయి ఉండొచ్చు. అయిపోతే మెషీన్ ఏదో పాత తేదీతో లేస్తుంది. అప్పుడు ఎర్రర్ సందేశం చూడండి ఎంత తమాషాగా ఉంటుందో. "గడువు ముగిసింది, లేదా ఇంకా మొదలుకాలేదు" అని రెండూ ఒకే వాక్యంలో వస్తాయి. మీకున్నది ఏది? తేదీ చూడకుండా తెలియదు. మంచి సర్టిఫికెట్ కూడా తప్పు తేదీ ముందు చెల్లదు. ఇంటర్నెట్ ఉంటే క్రోనీ దానంతట అదే సరిచేస్తుంది. ఫ్యాక్టరీలో ఇంటర్నెట్ కనెక్షన్ కూడా అదే రోజు రీచార్జ్ చేయించుంటారు, లేదా అసలు చేయించుండరు. అప్పుడు చేత్తో సరిచేయాలి. మెషీన్లన్నింటిలోనూ చేయాలి. ఒకదానిలో సరిచేసి మిగతావి మరిచిపోతే ఇంకో పూట పోతుంది.

రెండోది ఐపీ అడ్రస్. ఏడాదిలో ఎవరో రౌటర్ మార్చారు, డీహెచ్‌సీపీ కొత్త అడ్రసులు పంచింది. ఏపీఐ సర్వర్ సర్టిఫికెట్‌లో పాత ఐపీ రాసి ఉంటుంది. ఎట్‌సీడీని ఎలా లేపాలో రాసి ఉండే మానిఫెస్ట్ ఫైలులోనూ పాత ఐపీనే. మీరు సర్టిఫికెట్లు ఎంత కొత్తగా చేసినా అడ్రసు వేరైతే పని జరగదు. దీనికి సులువైన మందు, మెషీన్లకే పాత ఐపీ ఇచ్చేయడం. సర్టిఫికెట్లలో ఐపీ మార్చే ప్రయత్నం ఆ రోజు మాత్రం వద్దు.

మూడోది కాపీ. ఎట్సీ కుబర్‌నెటీస్ డైరెక్టరీ మొత్తం, వార్ లిబ్ ఎట్‌సీడీ డైరెక్టరీ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లోకో వేరే మెషీన్‌లోకో తీసుకోండి. ఎట్‌సీడీ ఆగి ఉంది కాబట్టి ఫైళ్లను నేరుగా కాపీ చేసుకోవచ్చు, ఆ సదుపాయం నడిచేటప్పుడు ఉండదు. ఈ కాపీ చేతిలో ఉంటే మనిషికి చేయి వణకదు. కాపీ లేకుండా ముందుకు పోయేవాళ్లను నేను ఆపుతాను, వాళ్లు నాకంటే పెద్దవాళ్లయినా సరే.

ఇప్పుడు సర్టిఫికెట్లు. క్యూబ్‌ఏడీఎం సర్ట్స్ చెక్ ఎక్స్‌పిరేషన్ అని కొడితే పట్టిక వస్తుంది. ఏది ఎప్పుడు ముగిసిందో, సీఏ ఎప్పటిదాకా ఉందో అన్నీ కనిపిస్తాయి. ముందు సీఏ వరస చూడండి. ఇంకా తొమ్మిదేళ్లో ఎనిమిదేళ్లో ఉంటుంది. ఉంటే గుండె నిబ్బరం చేసుకోవచ్చు. తర్వాత క్యూబ్‌ఏడీఎం సర్ట్స్ రెన్యూ ఆల్.

ఇక్కడ ఒకటి గమనించండి. ఈ కమాండ్ కొట్టగానే అది క్లస్టర్ నుంచి సెట్టింగులు చదవాలని చూస్తుంది. క్లస్టర్ లేదు కదా, కాసేపు ఎదురుచూసి, చదవలేకపోయాను, డిఫాల్టుతో పోతున్నాను అంటుంది. భయపడొద్దు. ఏపీఐ సర్వర్ లేకపోయినా ఈ పని జరుగుతుంది, ఎందుకంటే సంతకం చేసే సీఏ తాళం ఆ డిస్క్ మీదే ఉంది. పాత సర్టిఫికెట్‌లో పేర్లు, అడ్రసులు ఏమున్నాయో చూసుకుని అవే కొత్తదాంట్లో పెడుతుంది. కంట్రోల్ ప్లేన్ మెషీన్లు మూడు ఉంటే మూడింటిలోనూ ఇది చేయాలి. ఒక్క దానిలో చేస్తే? ఎట్‌సీడీకి మెజారిటీ కావాలి, మూడింట రెండు కలిస్తే గానీ అది మాట్లాడదు. ఒక్కటే లేచి కూర్చుని మిగతావాటి కోసం చూస్తూ ఉంటుంది.

అంతా రెన్యూ అయింది, క్యూబ్‌లెట్ రీస్టార్ట్ చేశారు. లేచిందా? లేవలేదు. ఎందుకు? రెన్యూ ఆల్ అనే మాటలో ఆల్ ఉంది గానీ, అందులో క్యూబ్‌లెట్ డాట్ కాన్ఫ్ లేదు. క్యూబ్‌లెట్ తన సంగతి తను చూసుకుంటుందిలే అని దాన్ని వదిలేశారు.

దీన్ని ఇలా చూడండి. మీలో రేణిగుంట నుంచో చంద్రగిరి నుంచో బస్సులో వచ్చేవాళ్లు ఉంటారు, స్టూడెంట్ పాస్ ఉంటుంది. పాస్ గడువు ముగియకముందే బస్టాండుకు వచ్చి రెన్యూ చేయించుకుంటే ఏ గొడవా లేదు, ఉన్న పాస్‌తోనే బస్సెక్కి వచ్చేస్తారు. గడువు దాటాక? రెన్యూ చేయించుకోవాలంటే బస్టాండుకు రావాలి. బస్టాండుకు రావాలంటే బస్సెక్కాలి. బస్సెక్కాలంటే పాస్ కావాలి. క్యూబ్‌లెట్ పరిస్థితి అచ్చం ఇదే. కొత్త సర్టిఫికెట్ అడగడానికే చెల్లే సర్టిఫికెట్ కావాలి. మీరైతే టికెట్ కొనుక్కుని వస్తారు, క్యూబ్‌లెట్ జేబులో డబ్బులుండవు. కాబట్టి కౌంటర్ దగ్గరున్న మనమే పాస్ చేసి వాళ్ల ఊరికి పంపాలి.

ఎలా? సీఏ తాళం ఉన్న కంట్రోల్ ప్లేన్ మెషీన్‌లో క్యూబ్‌ఏడీఎం క్యూబ్‌కాన్ఫిగ్ యూజర్ అనే కమాండ్ ఉంది. దానికి గ్రూపు సిస్టమ్ కోలన్ నోడ్స్ అని, పేరు సిస్టమ్ కోలన్ నోడ్ కోలన్ తర్వాత ఆ మెషీన్ పేరు అని ఇవ్వాలి. మెషీన్ పేరు అక్షరం కూడా తేడా రాకూడదు, క్లస్టర్‌లో ఏ పేరుతో నమోదైందో అదే. వచ్చిన దాన్ని ఆ మెషీన్‌లో ఎట్సీ కుబర్‌నెటీస్ కింద క్యూబ్‌లెట్ డాట్ కాన్ఫ్‌గా పెట్టాలి. వార్ లిబ్ క్యూబ్‌లెట్ పీకేఐ కింద క్యూబ్‌లెట్ క్లయింట్ అని మొదలయ్యే పాత ఫైళ్లను పక్కకు జరపాలి. అప్పుడు క్యూబ్‌లెట్ రీస్టార్ట్.

ఇప్పుడు లేస్తుంది. లేచి, మానిఫెస్ట్స్ డైరెక్టరీలో ఉన్న ఎట్‌సీడీని, ఏపీఐ సర్వర్‌ను, మిగతా ఇద్దరినీ లేపుతుంది. ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, తొందరపడి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ కొట్టకండి. ఏ కంటైనర్లు లేచాయో చూపించే సీఆర్ఐసీటీఎల్ పీఎస్ కొట్టి చూస్తూ ఉండండి. ఏపీఐ సర్వర్ నిలబడ్డాక క్యూబ్‌లెట్ తనకు తానే అర్జీ పెట్టుకుని, క్యూబ్‌లెట్ క్లయింట్ కరెంట్ డాట్ పెమ్ అనే ఫైలు తెచ్చుకుంటుంది. అది వచ్చాక క్యూబ్‌లెట్ డాట్ కాన్ఫ్‌ను తెరిచి, అందులో నేరుగా ఉన్న సర్టిఫికెట్ తీసేసి ఈ ఫైలు దారి రాయండి. ఈ చివరి పని ఎక్కువమంది మరిచిపోతారు. మరిచిపోతే ఇవాళ ఏమీ కాదు. సరిగ్గా ఏడాదికి మళ్లీ ఇదే చోట నిలబడతారు.

అప్లికేషన్లు నడిచే వర్కర్ మెషీన్లకూ ఇదే పద్ధతి, ఒక్కోదానికి దాని పేరుతో. వర్కర్ల మీద పోగొట్టుకోవడానికి ఏమీ లేకపోతే తీసేసి మళ్లీ చేర్చినా తప్పులేదు. జాయిన్ టోకెన్ కొత్తది చేసుకోవాలి, దాని ఆయుష్షు 24 గంటలు, పాత నోట్‌బుక్‌లో రాసుకున్నది పనికిరాదు. కానీ ఆ వర్కర్ డిస్క్ మీదే లోకల్ వాల్యూములు ఉన్నాయేమో చూసుకోండి. ఫ్యాక్టరీల్లో సాధారణంగా అక్కడే ఉంటాయి.

ఇక మీ క్యూబ్‌సీటీఎల్. ఇన్ని చేశాక కూడా అది అధికారం లేదు పొమ్మంటుంది. మీ హోమ్ డైరెక్టరీలో డాట్ క్యూబ్ కింద ఉన్నది పోయినేడాది కాపీ. కొత్త అడ్మిన్ డాట్ కాన్ఫ్‌ను మళ్లీ అక్కడికి కాపీ చేసుకోవాలి. దీని మీద గంటలు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. అంత కష్టం గెలిచి, గుమ్మం దగ్గర తట్టుకుని పడటం.

ఏమ్మా, ఏదో అడుగుతున్నావు? డేట్ వెనక్కి తిప్పేస్తే సరిపోదా అంటున్నావు. అందరికీ వినిపించిందా? ఆ అమ్మాయి అంటోంది, మెషీన్ తేదీని గడువు ముగియకముందు రోజుకు పెట్టేస్తే అన్నీ లేస్తాయి కదా, లేచాక రెన్యూ చేసుకుని తేదీ ముందుకు తెచ్చేస్తే పోదా అని. పోతుంది. పని చేస్తుంది, అబద్ధం చెప్పను. చాలామంది చేస్తారు కూడా. కానీ క్లస్టర్ లేవగానే దానితో పాటు మీ అప్లికేషన్ కూడా లేస్తుంది. వేబ్రిడ్జి డేటాబేస్ లేస్తుంది. జూన్‌లో బయట నిలబడ్డ ట్రాక్టర్ తూకం ఏప్రిల్ తేదీతో నమోదవుతుంది. రైతుకు డబ్బులిచ్చేటప్పుడు ఆ చీటీ చూసి ఏం చెబుతారు? పైగా ఆ తేదీతో చేసిన సర్టిఫికెట్ల ఏడాది ఆ తేదీ నుంచే లెక్క, అంటే అప్పుడే రెండు నెలలు ఖర్చయిపోయినవి చేతికొస్తాయి. సీఏ తాళం మన డిస్క్ మీదే ఉన్నప్పుడు ఈ తిప్పలు ఎందుకు? తప్పదనుకుంటే వర్కర్లన్నీ ఆపి, ఒక్క కంట్రోల్ ప్లేన్ మీదే చేయండి.

ఓపెన్‌షిఫ్ట్, అంటే రెడ్ హ్యాట్ వాళ్ల కుబర్‌నెటీస్, వాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇద్దరు. సరే, మీ ఇద్దరి కోసం. అక్కడ పద్ధతి వేరు. ఇన్‌స్టాల్ చేసిన మొదటి 24 గంటలకు ఒక సర్టిఫికెట్, తర్వాత నుంచి నెలకోసారి మారేవి. ఇన్‌స్టాల్ చేసిన తేదీ నుంచి ఏడాదిలోపు అయితే ఆపి మళ్లీ లేపుకోవచ్చని వాళ్ల డాక్యుమెంటేషన్ చెబుతుంది. చాలాకాలం ఆపి లేపితే ఏమవుతుందంటే, మెషీన్లు లేచి కొత్త సర్టిఫికెట్ల కోసం అర్జీలు పెట్టి, ఎవరైనా ఆమోదిస్తారేమోనని కూర్చుంటాయి. ఆ అర్జీలనే సీఎస్ఆర్‌లు అంటారు. మీరు ఓసీ గెట్ సీఎస్ఆర్ కొట్టి, పెండింగ్‌లో ఉన్నవి చూసి ఆమోదించాలి. రెండు విడతలుగా వస్తాయి. మొదట క్యూబ్‌లెట్ తనను గుర్తించమని అడిగేది. అది ఆమోదించాక కాసేపటికి, తనతో మాట్లాడేవాళ్లకు చూపించుకోవడానికి అడిగేది. మొదటి విడత ఆమోదించి అయిపోయిందని టీ తాగడానికి పోతారు. వచ్చేసరికి నోడ్లు రెడీగానే కనిపిస్తాయి, కానీ లాగ్స్ అడిగితే రావు. రెండో విడత మిగిలే ఉంది కాబట్టి.

నోడ్లు రెడీ అయ్యాయి, ఇక ఇంటికి పోవచ్చా? పోవద్దు. ఇప్పుడు అప్లికేషన్లు లేవడం లేదు. పాడ్లే, అంటే అప్లికేషన్ కంటైనర్లు నడిచే మూటలే, పుట్టడం లేదు. డిస్క్రైబ్ కొట్టి చూస్తే, వెబ్‌హుక్‌ను పిలవలేకపోయాను అంటుంది. అడ్మిషన్ వెబ్‌హుక్ అంటే తెలుసు కదా, పాడ్ పుట్టే ముందు ఏపీఐ సర్వర్ ఎవరినో ఒకరిని అడుగుతుంది, సరేనా అని. ఆ అడగాల్సినవాడు కూడా ఒక పాడే. వాడు పుట్టాలంటే వాడినే అడగాలి. నడిచే క్లస్టర్‌లో వీళ్లందరూ ఒకేసారి లేకుండా పోవడం అరుదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మొత్తం ఆపి లేపిన రోజే ఇది బయటపడుతుంది. ఫెయిల్యూర్ పాలసీ ఫెయిల్ అని, అంటే జవాబు రాకపోతే వద్దనమని, ఉన్న వెబ్‌హుక్ కాన్ఫిగరేషన్‌ను యామల్ ఫైలుగా దాచుకోండి, క్లస్టర్‌లో తీసేయండి, పాడ్లు లేవనివ్వండి, లేచాక మళ్లీ పెట్టండి. మళ్లీ పెట్టడం మరిచిపోవద్దు, అది మీ సెక్యూరిటీ.

ఇమేజీలు ఇంకో తలనొప్పి. ఇమేజ్ పుల్ పాలసీ ఆల్వేస్ అని ఉంటే డిస్క్ మీద ఇమేజ్ ఉన్నా రిజిస్ట్రీని, అంటే ఇమేజీలు దాచే సర్వర్‌ను, అడగాల్సిందే. రిజిస్ట్రీ పాస్‌వర్డ్ మారి ఉండొచ్చు. కుబర్‌నెటీస్ సొంత ఇమేజీల పాత రిజిస్ట్రీని 2023 ఏప్రిల్‌లో స్తంభింపజేశారు, కొత్తవన్నీ వేరే చిరునామాలో వస్తున్నాయి. పాత ప్యాకేజీల రిపాజిటరీ 2024లో తీసేశారు. మధ్యలో ఇవన్నీ జరుగుతుంటాయి, నిద్రపోయేవాడికి తెలియదు. ఇంకో మాట, ఎలాగూ లేపుతున్నాం కదా వెర్షన్ కూడా పెంచేద్దాం అనుకోకండి. ఏడాదిలో మూడు వెర్షన్లు వెనకబడి ఉంటారు, క్యూబ్‌ఏడీఎం ఒక్కో మెట్టే ఎక్కనిస్తుంది. ముందు ఉన్నది ఉన్నట్టు లేపండి, తూకం జరగనివ్వండి. అప్‌గ్రేడ్ ఆదివారం చూసుకోవచ్చు.

మరి ఇదంతా రాకుండా ఆపేటప్పుడే ఏం చేయాలి? ఆగస్టు చివర్లో ఆపే రోజున సర్ట్స్ రెన్యూ ఆల్ కొట్టి ఆపామనుకోండి. గడువు వచ్చే ఆగస్టు దాకా వస్తుంది. జూన్‌లో లేపితే హాయిగా లేస్తుంది, కదా? కాదు! క్యూబ్‌లెట్‌ది? మే నెలలో పుట్టింది, దాని 70 శాతం జనవరిలో ఎప్పుడో వస్తుంది, అప్పటికి నిద్రలో ఉంటుంది. ఆగస్టులో మనం చేసిన రెన్యూ దాన్ని ముట్టుకోలేదు. జూన్‌లో మళ్లీ అదే గోడ. కాబట్టి ఆపే రోజునే క్యూబ్‌లెట్‌లకు కూడా ఇందాక చెప్పిన పద్ధతిలో కొత్తవి ఇచ్చి, అవి తమ ఫైలు తెచ్చుకున్నాయో లేదో చూసి, ఎట్‌సీడీ స్నాప్‌షాట్ తీసి వేరే మెషీన్‌లో పెట్టి, అప్పుడు వర్కర్లను ముందు, కంట్రోల్ ప్లేన్‌ను చివర ఆపాలి. లేపేటప్పుడు దీనికి తలకిందులు. గడువు తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకు అతికించండి. వికీలో కాదు, ఆ వికీ కూడా ఇదే క్లస్టర్‌లో ఉంటుంది సాధారణంగా.

సంక్రాంతికి ఒకసారి ఆన్ చేసి రెండ్రోజులు వదిలేస్తే చాలదా అని ఒకాయన ముందే అడిగారు నన్ను. పాక్షికంగా. క్యూబ్‌లెట్ సమయం వచ్చి ఉంటే అది మార్చుకుంటుంది. మిగతావి ఊరికే నడిచినంత మాత్రాన మారవు, రెన్యూ కొట్టాలి, కొట్టాక మానిఫెస్ట్స్ డైరెక్టరీ నుంచి లేచే ఆ నాలుగు స్టాటిక్ పాడ్లను రీస్టార్ట్ చేయాలి. చిన్న చోట్లకు నేనైతే కే3ఎస్ అనే తేలికపాటి కుబర్‌నెటీస్ చూడమంటాను. దానిలో గడువు దాటిన సర్టిఫికెట్లు సర్వీస్ లేచేటప్పుడే కొత్తవి అయిపోతాయి. ఆ గుజ్జు ఫ్యాక్టరీకి అది చాలు.

ఇంకో ప్రశ్న ఉందా? చెప్పు బాబూ. పదేళ్లకు పెట్టేసుకుంటే గొడవే ఉండదు కదా అంటున్నాడు. పెట్టుకోవచ్చు. కుబర్‌నెటీస్ 1.31 వెర్షన్ నుంచి క్యూబ్‌ఏడీఎం కాన్ఫిగరేషన్‌లోనే ఆ కాలం రాసుకునే వీలు వచ్చింది, అంతకుముందు సొంతంగా సర్టిఫికెట్లు చేసుకోవాల్సి వచ్చేది. కానీ ఒకటి తెలుసుకుని పెట్టుకో. కుబర్‌నెటీస్‌లో క్లయింట్ సర్టిఫికెట్‌ను మధ్యలో రద్దు చేసే ఏర్పాటు లేదు. ఇచ్చామంటే గడువు దాకా చెల్లుతుంది. రేపు ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్లిపోయినవాడి ల్యాప్‌టాప్‌లో నీ అడ్మిన్ డాట్ కాన్ఫ్ ఉంటుంది. ఏడాది గడువైతే ఏడాదికి అది చిత్తు కాగితం. పదేళ్లు పెట్టావనుకో, వాడు ఇంకో మూడు కంపెనీలు మారాక కూడా నీ క్లస్టర్‌లోకి రావచ్చు. 1.29 నుంచి కొంత నయం, అడ్మిన్ డాట్ కాన్ఫ్‌కు అధికారం ఒక రోల్ బైండింగ్ ద్వారా, అంటే ఎవరికి ఏ అధికారమో క్లస్టర్‌లో రాసుకున్న నమోదు ద్వారా వస్తుంది, ఆ బైండింగ్ తీసేస్తే దాని బలం పోతుంది. సూపర్ అడ్మిన్ డాట్ కాన్ఫ్ అని ఇంకోటి ఉంటుంది, దానికి ఆ అడ్డు కూడా లేదు. దాన్ని ఆపాలంటే సీఏనే మార్చాలి. సీఏ మార్చడమంటే ఇవాళ చెప్పిన పనంతా చేసి, దాని మీద ఇంకో రోజు పని. కాబట్టి ఆ ఫైలు మెషీన్ మీద వదలకు, తీసి భద్రంగా వేరేచోట పెట్టు. గడువు మాత్రం నేనైతే రెండేళ్లకు మించి పెట్టను.